వడ్డీలు పెరుగుతున్న వేళ: ఇల్లు కట్టాలా, ఆగాలా, కట్టింది కొనాలా?

స్థలం ఉంది, ప్లాన్ గీయించడమూ అయింది. తీరా బ్యాంకుకు వెళ్తే ఆర్నెల్ల కిందట చెప్పినదానికంటే అర శాతం ఎక్కువ వడ్డీ చెబుతున్నారు. ఇంట్లో అందరూ అనే మాట ఒకటే: "కాస్త తగ్గనివ్వండి, అప్పుడు మొదలుపెడదాం." వినడానికి సబబుగానే ఉంటుంది. కాగితం మీద పెట్టి చూస్తే మాత్రం, ఇల్లు కట్టేవాళ్ల ఖర్చులో వడ్డీ రేటు పెరుగుదల అంత పెద్ద పద్దు కాదని, దాన్ని మించినవి వేరే ఉన్నాయని తేలుతుంది. వాటిలో మొదటిది పని మధ్యలో ఆగిపోవడం.

ఒక ఇల్లు లెక్కకు తీసుకుందాం. జిల్లా కేంద్రంలో 150 గజాల సొంత స్థలం. కింద, పైన కలిపి 1,500 చదరపు అడుగులు. అడుగుకు 2,200 చొప్పున 33 లక్షలు. మేస్త్రి చెప్పే అడుగు రేటులోకి రానివి కొన్ని ఉంటాయి: బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, కరెంటు సర్వీసు, అనుమతుల ఫీజులు. వీటికి ఇంకో 5 లక్షలు. మొత్తం 38 లక్షలు. చేతిలో 8 లక్షలున్నాయి, 30 లక్షలు అప్పు చేయాలి. ఇప్పుడుంటున్న ఇంటి అద్దె 12,000. మీ ఊళ్లో రేట్లు వేరైతే అంకెలు మార్చుకోండి, లెక్క వేసే తీరు అదే.

అర శాతం అంటే నెలకు ఎంత

30 లక్షల అప్పు, 20 ఏళ్ల గడువు. నెలసరి వాయిదా ఇలా ఉంటుంది:

8 శాతానికి 25,093
8.5 శాతానికి 26,035
9 శాతానికి 26,992
9.5 శాతానికి 27,964
11 శాతానికి 30,966

అంటే అర శాతం తేడా నెలకు సుమారు 950 రూపాయలు. చిన్నదని తీసిపారేయడం లేదు, 20 ఏళ్లలో అది 2.3 లక్షలవుతుంది. కానీ దీన్ని మన దగ్గర మామూలుగా జరిగే ఇంకో పనితో పోల్చి చూడండి. స్లాబు పడ్డాక డబ్బు చాలక, తెలిసినవాళ్ల దగ్గర 5 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. దాని మీద నెలకు వడ్డీయే 10,000, అసలు అలాగే ఉంటుంది. బ్యాంకు వడ్డీ 9 నుంచి ఏకంగా 11కి పెరిగినా 30 లక్షల మీద అదనంగా పడేది నెలకు 3,974. బ్యాంకు 9 శాతమంటే మన లెక్కలో నూటికి ముప్పావలా వడ్డీ. ముప్పావలా ఎనభై పైసలవుతుందని భయపడి అప్పు తక్కువ పెట్టుకుని, చివర్లో రెండు రూపాయలకు తెచ్చుకోవడం ఇళ్ల దగ్గర తరచూ కనిపించే పొరపాటు.

తగ్గేదాకా ఆగితే నిజంగా ఏం మిగులుతుంది

2019 అక్టోబరు నుంచి బ్యాంకులిచ్చే కొత్త ఫ్లోటింగ్ (వడ్డీ మారుతూ ఉండే) గృహ రుణాలన్నీ బయటి సూచీకి, ఎక్కువగా ఆర్‌బీఐ రెపో రేటుకు (బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీకి), ముడిపడి ఉన్నాయి. మూడు నెలలకు ఒకసారైనా వడ్డీని సవరించాలి. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరి నాటికి 6.5కు చేరింది, రెండేళ్లు అక్కడే నిలిచింది. 2025 ఫిబ్రవరిలో దిగడం మొదలుపెట్టి ఆ డిసెంబరుకు 5.25కు వచ్చింది. 2023లో "తగ్గాక కడదాం" అనుకున్నవాళ్లకు రెండేళ్లు పట్టింది. ఆ మధ్యలో కట్టేసినవాళ్లకూ రెపోతో పాటే వడ్డీ తగ్గింది, వాళ్లు అందుకోసం ఆగలేదు.

ఫ్లోటింగ్ అప్పు ఉన్నవాళ్లకు తగ్గుదల దానంతట అదే వస్తుంది కాబట్టి, ఆగడం వల్ల తప్పేది ఆగిన కాలానికి పడే ఎక్కువ వడ్డీ మాత్రమే. 30 లక్షల మీద అర శాతం చొప్పున ఏడాదికి 15,000. రేటు కోసం ఆగితే మిగిలేది అంతే.

అయితే అసలు అప్పే ఏడాది ఆలస్యంగా తీసుకోవడం వల్ల వేరే లాభం ఉంది, దాన్ని కూడా లెక్కలోకి తేవాలి. 30 లక్షల మీద 9 శాతం చొప్పున 2.7 లక్షల వడ్డీ ఏడాది పాటు తప్పుతుంది. చేతిలోని 8 లక్షలను 6.5 శాతం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేస్తే 52,000 వస్తాయి. రెండూ కలిపి 3.22 లక్షలు. ఇటువైపు నష్టం చూస్తే, ఏడాది అద్దె 1.44 లక్షలు, కట్టుబడి ఖర్చు 6 శాతం పెరిగిందనుకుంటే 38 లక్షల మీద 2.28 లక్షలు, మొత్తం 3.72 లక్షలు. ఆగితే 50,000 నష్టం. ఖర్చు 3 శాతమే పెరిగితే నష్టం 2.58 లక్షలకు దిగుతుంది, అప్పుడు ఆగినవాళ్లే 64,000 లాభపడతారు.

తూకం ఎటు మొగ్గుతుందో నిర్ణయించేవి అద్దె, సామగ్రి ధరలు. అద్దె 20,000 కడుతుంటే 6 శాతం పెరుగుదల దగ్గర ఆగడం వల్ల దాదాపు లక్షన్నర పోతుంది. అమ్మానాన్నల ఇంట్లోనో ఆఫీసు క్వార్టర్లోనో అద్దె లేకుండా ఉంటే ఆగడమే లాభం. ఈ లెక్కలో అర శాతం వడ్డీ 15,000 పక్కకు జరుపుతుంది, అంతకు మించి కాదు.

ఒక షరతు. ఆగే ఏడాదిలో నెలనెలా కాబోయే వాయిదాలో సగమైనా పక్కన వేయగలిగితేనే ఆగడానికి అర్థం. 13,500 చొప్పున 12 నెలలకు 1.62 లక్షలు. ఆ అలవాటు కుదరకపోతే, అప్పు తీసుకున్నాక 27,000 ఎలా కడతారన్నది ముందే తెలిసిపోయినట్టు.

ధరలు పెరుగుతాయని సిమెంటు ముందే కొని పెట్టడం గురించి చాలామంది అడుగుతారు. వద్దు. బస్తాలో మూడు నెలలున్న సిమెంటు బలంలో ఐదో వంతు దాకా పోగొట్టుకుంటుంది, వానాకాలమైతే ఇంకా త్వరగా గడ్డకడుతుంది. ఇనుము నేలకు తగలకుండా, పైన కప్పి ఉంచితే కొన్ని నెలలు ఆగుతుంది. ఇసుక మాత్రం వానలకు ముందే కొనడం మంచిది. వరదలొస్తే కృష్ణా, గోదావరి రీచ్‌లు మూతపడతాయి, ఉన్న నిల్వలకు గిరాకీ పెరుగుతుంది. గోడలకు, కాంక్రీటుకు రోబో శాండ్ (రాయి పగలగొట్టి చేసే ఇసుక) వాడేటట్టయితే ఈ బెడద తక్కువ. ప్లాస్టరింగుకు సన్నగా జల్లించిన రకం విడిగా అడగాలి.

ఆగిన ఇంటి ఖరీదు

ఇదే ఉదాహరణలో 20 లక్షలు బ్యాంకు విడుదల చేశాక పని ఆర్నెల్లు ఆగిందనుకోండి. 9 శాతం చొప్పున నెలకు 15,000 వడ్డీ, ఆర్నెల్లకు 90,000. అద్దె 72,000. మొత్తం 1.62 లక్షలు. అర శాతం వడ్డీ తేడా నెలకు 957 రూపాయలు కదా, ఈ మొత్తానికి సమానం కావాలంటే ఆ తేడాను 14 ఏళ్లు కట్టాలి. ఇందులో వానకు తడిసి తుప్పెక్కిన చువ్వలు, చెదిరిపోయిన మేస్త్రి ముఠా, మళ్లీ మొదలుపెట్టినప్పుడు కొత్తవాళ్లు అడిగే పెరిగిన రేటు కలపలేదు.

పని ఎందుకు ఆగుతుంది? చాలా సార్లు డబ్బు లేక కాదు, డబ్బు వచ్చే వేళ కుదరక. బ్యాంకు ముందు మీ వాటా ఖర్చు పెట్టమంటుంది. తర్వాత ఒక్కో దశ పూర్తయ్యాకే ఇంజినీరును పంపి, నివేదిక చూసి, ఆ దశ డబ్బు ఇస్తుంది. అందుకు వారం నుంచి పది రోజులు, ఆడిట్ల సమయంలో ఇంకా ఎక్కువ పడుతుంది. మేస్త్రికి కూలీలున్నారు, వాళ్లకు వారం వారం ఇవ్వాలి. ఇనుము కొట్టులో సరుకు దించాలంటే ముందు డబ్బు కట్టాలి. అంటే దశ మొదట్లో మీరు ఖర్చు పెడతారు, దశ చివర బ్యాంకు ఇస్తుంది. ఈ మధ్య ఖాళీ ఒక్కో దశకు 4 నుంచి 6 లక్షలు. 8 లక్షల సొంత డబ్బునూ పునాదిలోనే ఊడ్చేస్తే స్లాబు దగ్గర చేతులెత్తేయాల్సి వస్తుంది. అందుకే సొంత వాటాలో 4 లక్షలైనా చివరిదాకా తిరిగే పెట్టుబడిగా ఉంచుకోవాలి. మీ వాటా మొత్తం ముందే పెట్టమని బ్యాంకు అంటే, స్థలం విలువను మీ వాటాగా లెక్కలోకి తీసుకుంటారా అని మంజూరుకు ముందే మేనేజరును అడగండి. కొన్ని బ్యాంకులు ఒప్పుకుంటాయి.

ఇంకొకటి, స్లాబు పడితే సగం ఇల్లు అయిపోయిందని అనుకుంటారు. కంటికి సగం, డబ్బులో 40, 45 శాతమే. మిగతాదంతా గోడలు, ప్లాస్టరింగు, కరెంటు, నల్లా గొట్టాలు, తలుపులు, కిటికీలు, టైల్స్, రంగులు. ఇంట్లో అందరి కోరికలూ మొలకెత్తేది కూడా అప్పుడే. స్లాబు రోజుకు చేతిలో, బ్యాంకులో కలిపి మిగిలిన డబ్బు మొత్తం అంచనాలో 55 శాతానికి తగ్గితే, టైల్స్ దుకాణానికి వెళ్లకముందే ఫినిషింగ్ జాబితా కుదించాలి.

ప్లాన్ తప్పినా విడుదల ఆగుతుంది. ఆమోదించిన ప్లాన్‌లో ఖాళీగా వదలాల్సిన సెట్‌బ్యాక్‌లోకి గది జరిపితేనో, అనుమతి లేని పై అంతస్తుకు పిల్లర్లు లేపితేనో ఇంజినీరు నివేదికలో రాస్తాడు, తర్వాతి విడత నిలిచిపోతుంది. గ్రామకంఠం, అసైన్డ్ భూమి, క్రమబద్ధీకరణ కాని లేఅవుట్ ప్లాటు అయితే చాలా బ్యాంకులు అసలు గడప దాటనివ్వవు. ఈ కాగితాలు సరిగా లేకపోతే వడ్డీ గురించి ఆలోచించడం తొందరే, ముందు ఆ పని చూసుకోవాలి.

పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఇంకో గడువుంది. అప్పు తీసుకున్న ఆర్థిక సంవత్సరం ముగిసినప్పటి నుంచి ఐదేళ్లలో ఇల్లు పూర్తికాకపోతే, సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి ఏటా 2 లక్షల దాకా వచ్చే మినహాయింపు 30,000కు పడిపోతుంది. కొత్త విధానంలో సొంతింటి వడ్డీకి మినహాయింపే లేదు, కాబట్టి "పన్నులో వస్తుంది కదా" అని పెద్ద వాయిదాకు ఒప్పుకోకండి.

మీ జీతం ఎంత ఇంటిని మోస్తుంది

ఇవాళ్టి వడ్డీకి కాదు, దానికి రెండు శాతం కలిపి లెక్కవేయండి. 9 శాతం చెబితే 11 శాతానికి వాయిదా 30,966. అది చేతికొచ్చే జీతంలో 40 శాతం దాటకూడదు. అంటే ఇంట్లోకి నెలకు 77,000 పైన రావాలి. బ్యాంకు 50 శాతం దాకా ఇవ్వడానికి సిద్ధపడుతుంది, మీరు సిద్ధపడకండి.

చేతికి 60,000 వస్తుంటే 40 శాతం 24,000. 11 శాతం దగ్గర అది 23.25 లక్షల అప్పును మోస్తుంది. సొంత డబ్బు 8 లక్షలు కలిపితే 31 లక్షలు. బయటి పనులకు 5 తీస్తే 26 లక్షలు, అడుగు 2,200 చొప్పున 1,180 చదరపు అడుగులు. 1,500 అడుగుల ఇంటిని ఇంకో రెండేళ్లు ఆగి కట్టడం కంటే 1,180 అడుగుల ఇంటిని ఇప్పుడు పూర్తిచేయడం మేలు. మొండి గోడల పెద్దింటికంటే తలుపులు బిగించిన చిన్నిల్లు నయం.

అప్పు అంకెలో ఒక మెలిక గమనించండి. ఆర్‌బీఐ నిబంధన ప్రకారం 30 లక్షల దాకా అప్పుకు విలువలో 90 శాతం, 30 నుంచి 75 లక్షల దాకా 80 శాతం, ఆపైన 75 శాతం మించకూడదు. మన 38 లక్షల అంచనాకు 30 లక్షలు సులువుగా వస్తాయి. 31 అడిగితే 80 శాతం పరిమితి తగులుతుంది, 38లో 80 శాతం 30.4 లక్షలే.

రెండు విడతల్లో కట్టడం

వడ్డీలు పెరిగే కాలంలో మేం ఎక్కువగా సిఫారసు చేసేది ఇదే. పునాది, పిల్లర్లు పై అంతస్తుకు సరిపడా వేసి, ఇప్పటికి కింది అంతస్తు మాత్రం పూర్తిచేయడం. పునాదిలో అదనంగా పడే ఇనుము, కాంక్రీటు మొత్తం ఖర్చులో చిన్న భాగం. దాన్ని మిగుల్చుకుంటే తర్వాత పైన వేసుకునే దారి మూసుకుపోతుంది. నల్లరేగడి నేలైతే ఇది మరీ ముఖ్యం. ఎండకు ముడుచుకుని వానకు ఉబ్బే ఆ మట్టిలో పునాదిని తర్వాత బలపరచడం మాటల్లో చెప్పినంత తేలిక కాదు.

ఇప్పుడే చేయాల్సినవి ఇవి. రెండు అంతస్తులకూ కలిపి అనుమతి. మెట్లు ఇంటి బయటి నుంచి, పై వాటాకు విడిగా వెళ్లేలా. పైకి వెళ్లే నీటి, డ్రైనేజీ గొట్టాలకు స్లాబులో ముందే స్లీవులు (గొట్టం దూరే ఖాళీ పైపు ముక్కలు). మీటరు బోర్డు నుంచి పైకి ఖాళీ కరెంటు పైపు. స్లాబు మీద పిల్లర్ల నుంచి పైకి వదిలే చువ్వల దగ్గర చాలామంది అశ్రద్ధ చేస్తారు. 16 ఎంఎం చువ్వకు తర్వాత అతుకు వేయడానికి రెండున్నర నుంచి మూడు అడుగులు పైకి ఉండాలి, తక్కువ వదిలితే తర్వాత వెల్డింగే గతి. వదిలినవాటికి సిమెంటు పాలు పూసి, చుట్టూ పలచటి కాంక్రీటు పోసి మూసేస్తే నాలుగైదేళ్ల తర్వాత పగలగొట్టి తీసుకోవచ్చు. ప్లాస్టిక్ సీసా తొడిగి వదిలితే లోపల తేమ చేరి అడుగున, స్లాబుకు ఆనుకున్నచోటే, తుప్పు తింటుంది.

వాయిదా వేయగలిగినవీ ఉన్నాయి: ఫాల్స్ సీలింగు, కప్‌బోర్డులు, ఎలివేషన్ పనులు, బయటి ఖరీదైన రాయి, గేటు డిజైను. వాయిదా వేయకూడనివి గోడల్లో, నేల కింద ఉండేవి: పునాదిలో చెదల మందు, బాత్‌రూముల్లో వాటర్‌ప్రూఫింగు, లోపలి వైరింగు, గొట్టాలు. వీటిని తర్వాత చేయాలంటే టైల్స్ పగలగొట్టాలి.

మేస్త్రికి కూలికివ్వాలా, మొత్తం అప్పగించాలా

ధరలు పెరిగే కాలంలో ఈ ఎంపిక వడ్డీ కంటే ఎక్కువ డబ్బు మీద ప్రభావం చూపుతుంది. కూలి కాంట్రాక్టులో సామగ్రి మీరు కొంటారు, పెరుగుదల మీ మీద పడుతుంది, కానీ సరుకు మీ కళ్లముందే దిగుతుంది. ఒక్క కుటుంబం ఉండే విడి ఇంటికి కేవలం కూలి మాత్రమే చేసే కాంట్రాక్టుకు జీఎస్టీ లేదు. సామగ్రితో కలిపి రిజిస్టరైన కాంట్రాక్టరుకు ఇస్తే 18 శాతం పడుతుంది. కొటేషన్ పక్కన "పన్నులు అదనం" అని చిన్న అక్షరాల్లో ఉంటే 33 లక్షల మీద అది 5.94 లక్షలు. ఆ ఒక్క వాక్యం చదవకపోవడం వల్ల మొత్తం అంచనా తలకిందులైన ఇళ్లు చాలా ఉన్నాయి.

సామగ్రితో సహా అడుగు రేటుకు ఒప్పుకున్న కాంట్రాక్టరు, ఇనుము ధర ఎక్కాక చేసేది రెండింట్లో ఒకటి: పని నెమ్మదింపజేస్తాడు, లేదా కనిపించనిచోట తగ్గిస్తాడు. 1,500 అడుగుల ఇంటికి ఐదున్నర నుంచి ఆరు టన్నుల ఇనుము, 600 బస్తాల దాకా సిమెంటు పడుతుంది. కిలోకు 10 రూపాయలు పెరిగితే ఇనుములోనే 60,000. అది ఎవరి జేబులోంచి వెళ్తుందో ఒప్పందంలో రాయకపోతే మీ పిల్లర్లలోంచే వెళ్తుంది. అందుకని ఇనుము, సిమెంటుకు సంతకం రోజు ధర రాయండి. 5 శాతం దాకా తేడా కాంట్రాక్టరుదే, అది దాటితే తేడా మీరు ఇస్తారు, దిగితే తగ్గిస్తాడు. రెండువైపులా రాయాలి. 2025 సెప్టెంబరు 22న సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గినప్పుడు, పెరిగితే ఇస్తామని మాత్రమే రాసుకున్నవాళ్లకు తగ్గుదల అడిగే హక్కు ఒప్పందంలో లేకుండాపోయింది.

ఇనుము దిగినరోజు ఒక పరీక్ష చేయండి. 12 ఎంఎం చువ్వ పూర్తి పొడవు 12 మీటర్లు, బరువు 10.66 కిలోలు ఉండాలి. ఐదు శాతం అటూఇటూ ప్రమాణమే అనుమతిస్తుంది. పది కిలోల లోపు తూగిందంటే అది 12 ఎంఎం చువ్వ కాదు, లారీ వెళ్లకముందే తిప్పి పంపండి. 8 ఎంఎం మీటరుకు 0.395, 10 ఎంఎం 0.617, 16 ఎంఎం 1.58 కిలోలు.

చెల్లింపుల దశలు బ్యాంకు విడుదల దశలతో సరిపోయేలా ఒప్పందంలో పెట్టుకోవాలి. బ్యాంకు ఐదు విడతలిస్తుంటే మేస్త్రితో పన్నెండు విడతలకు ఒప్పుకుని, వాటిలో ఎక్కువ భాగం స్లాబు లోపే ఇచ్చేసేలా రాసుకుంటే, ప్లాస్టరింగు వేళకు అతనికి ఇంకో సైటు దొరుకుతుంది. చివరి 5 శాతం గృహప్రవేశం తర్వాత నెల దాకా ఇవ్వకుండా ఉంచుకోండి. చకచకా పూర్తిచేయాలన్న ఆత్రంలో స్లాబు సపోర్టులు ముందుగా తీయనివ్వద్దు. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు కనీసం ఏడు రోజులు, అంతకుమించితే పద్నాలుగు, దూలాల కింద పద్నాలుగు నుంచి ఇరవై ఒక్క రోజులు. నీళ్లు కట్టడం బూడిద కలిపిన పీపీసీ సిమెంటుకు పది రోజులకు తగ్గకూడదు.

కట్టింది కొంటే

పూర్తయి, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉన్న ఫ్లాటుకు జీఎస్టీ లేదు. అద్దె ఆ నెలే ఆగుతుంది, పని ఆగే భయం లేదు. కడుతుండగా కొంటే 5 శాతం. 45 లక్షల లోపు ధర ఉండి, హైదరాబాదులో 60, విజయవాడ, వరంగల్ లాంటిచోట్ల 90 చదరపు మీటర్ల కార్పెట్ ఏరియా దాటకపోతే 1 శాతం. దీనికి తోడు రిజిస్ట్రేషన్ రెండు రాష్ట్రాల్లోనూ సుమారు 7.5 శాతం. 38 లక్షల మీద 2.85 లక్షలు. సొంత స్థలంలో కట్టేవాళ్లు ఆ ఖర్చు ఎప్పుడో పెట్టేశారు. రిజిస్ట్రేషన్ ఖర్చు సాధారణంగా బ్యాంకు అప్పులో రాదు, చేతి నుంచే పెట్టుకోవాలి.

కడుతున్న ఫ్లాటు కొనడమంటే ఆలస్యం మీ చేతిలో లేకుండా, వడ్డీ మాత్రం మీ నెత్తిన ఉండటం. వడ్డీలు పెరిగేటప్పుడు మనకు ఇది అన్నింట్లోకి బలహీనమైన ఎంపికగా కనిపిస్తుంది. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలోనో, ఎనిమిది ఫ్లాట్ల లోపో అయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు కూడా తప్పనిసరి కాదు. సందుల్లో లేచే చిన్న అపార్ట్‌మెంట్లు చాలావరకు ఆ కోవే. వాటిలో పూర్తయినదాన్ని, సర్టిఫికెట్ చూసి కొనడం వేరు, పిల్లర్ల దశలో అడ్వాన్సు ఇవ్వడం వేరు.

స్థలం లేనివాళ్లకు, రోజూ సైటుకు వెళ్లే మనిషి లేనివాళ్లకు పూర్తయిన ఇల్లే సరైనది. డల్లాస్‌లోనో దుబాయిలోనో ఉండి, ఊళ్లో స్థలం ఉంది కదా అని ఫోన్ మీద కట్టించేవాళ్లకూ ఇదే మాట. తప్పదనుకుంటే మేస్త్రితో సంబంధం లేని ఇంజినీరును జీతం మీద పెట్టుకుని, ప్రతి దశకూ అతని కొలతల కాగితం వచ్చాకే డబ్బు పంపాలి. బావమరిది చూసుకుంటాడనే ఏర్పాటులో ఇల్లూ, బావమరిదీ ఇద్దరూ దూరమవుతారు.

అప్పు ఏ రకం

వడ్డీ పెరుగుతుందంటే స్థిర వడ్డీ వైపు మనసు లాగుతుంది. స్థిర వడ్డీ సాధారణంగా ఫ్లోటింగ్ కంటే ఎక్కువ ఉంటుంది. చాలాచోట్ల "స్థిర" అన్నది రెండు, మూడు ఏళ్లకే, తర్వాత ఫ్లోటింగులోకి మారిపోతుంది. ముందే తీర్చేస్తే జరిమానా కూడా ఉండొచ్చు. వ్యక్తులు తీసుకునే ఫ్లోటింగ్ గృహ రుణం ముందే తీరిస్తే జరిమానా లేదు. బోనసు, పంట డబ్బు, అమ్మిన ప్లాటు డబ్బు వచ్చినప్పుడు అసలులో వేసుకునే వీలున్నవాళ్లకు ఫ్లోటింగే నయం. గృహ రుణ సంస్థల దగ్గర తీసుకుంటే ఒకటి గమనించాలి: వాటి వడ్డీ సొంత ప్రామాణిక రేటుకు ముడిపడి ఉంటుంది, రెపో పెరిగితే వెంటనే పెరుగుతుంది, తగ్గితే మెల్లగా కదులుతుంది.

బ్యాంకు వడ్డీ పెంచినప్పుడు అడగకుండానే గడువు పొడిగిస్తే ఊరుకోకండి. 7 శాతం దగ్గర 30 లక్షలకు వాయిదా 23,259. అప్పు మొదట్లోనే వడ్డీ 9కి పెరిగి, వాయిదా మార్చకుండా ఉంచితే 20 ఏళ్ల అప్పు 38 ఏళ్లవుతుంది. 9.5కు పెరిగితే నెల వడ్డీయే 23,750, వాయిదా దానికే చాలదు, అప్పు ఎప్పటికీ తీరదు. ఇలా జరగకుండా 2023 ఆగస్టులో ఆర్‌బీఐ నిబంధన తెచ్చింది. వడ్డీ మారినప్పుడు వాయిదా పెంచుకోవాలా, గడువు పెంచుకోవాలా, లేక రెండూ కొంత కొంతా అన్నది అడిగే హక్కు అప్పు తీసుకున్నవాళ్లకుంది. వీలైతే వాయిదా పెంచుకోమనే చెబుతాం.

మంజూరు పత్రం చేతికొచ్చాక సంతకానికి ముందు చూడాల్సినవి: రెపో మీద కలిపే అదనపు శాతం ఎంత, అది ఎప్పుడు మారుతుంది, మంజూరు ఎన్ని నెలలు చెల్లుతుంది, మొదటి విడుదల నుంచి ఎన్ని నెలల్లో ఇల్లు పూర్తిచేయాలని రాశారు, పూర్తి వాయిదా ఏ నెల నుంచి మొదలవుతుంది. చాలా బ్యాంకులు ఇల్లు పూర్తయినా కాకపోయినా ఫలానా నెల నుంచి పూర్తి వాయిదా వసూలు చేస్తాయి. ఆ నెలకు మీరు ఇంకా అద్దె ఇంట్లోనే ఉంటే 26,992తో పాటు 12,000 కూడా కట్టాలి. ఆ రెండూ కలిసి ఎన్ని నెలలు మోయగలరో తేల్చుకుని, పని గడువుకు అన్ని నెలలు అదనంగా రాయించుకోండి. అప్పులో కలిపి చూపించే ఒకేసారి కట్టే బీమా ప్రీమియం తప్పనిసరి కాదు. తీసేయమని రాతపూర్వకంగా అడగండి, విడిగా టర్మ్ పాలసీ తీసుకుంటే ప్రీమియం మీద 20 ఏళ్లు వడ్డీ కట్టాల్సిన పని ఉండదు.